నేలసంపెంగ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాస పాఠము)



ఈ రజతోత్సవ సభలో గ్రంథములను గూర్చియు, విద్యను గూర్చియు పెద్దలు చక్కగా ప్రసంగించియున్నారు. ఇప్పుడు వినబోవునది అంతటి విషయము కాదు. ఈ మందిరమునకు వచ్చువారు మెట్లెక్కుటకు ముందు కుడిచేతి వైపున ఒక పూలమడిని చూచుచుందురు. అది నేలసంపెంగ మడి. పూచు కాలమున సాయంకాలము దీపము పెట్టువేళకు దాని తావి పఠనశాలలోని బల్లల వరకు వచ్చును. ఆ మడి రెండేండ్ల క్రిందట పీకివేయబడవలసినది. కార్యవర్గము తీర్మానము కూడ వ్రాసికొన్నది. పిదప ఆ తీర్మానము కొట్టివేయబడినది. ఎందులకు పీకివేయదలచిరో, ఎందులకు మానుకొనిరో చెప్పినచో ఆ మొక్క స్వభావమును, దానిని పెంచు పద్ధతియు చాలవరకు అందులోనే తేలును.

మొదట పేరు సంగతి. పూలబజారులో దీనిని లిల్లీ యందురు. శాస్త్రజ్ఞులు లిల్లీ యని పిలుచు మొక్క వేరు. దానికిని దీనికిని దగ్గరి చుట్టరికము లేదు. సంపెంగ యనుటయు అట్టిదే. సంపెంగ పెద్ద చెట్టు. ఇది నేలనంటిన సన్నని ఆకుల పొద. తావిలో కొంత పోలిక యుండుటచే మనవారు నేలసంపెంగ యనిరి. తమిళులు నిలసంపంగి యందురు. కన్నడిగులు సుగంధరాజ యందురు. వంగదేశమునను, హిందీ ప్రాంతములందును రజనీగంధ; ఉర్దూలో గుల్‌షబ్బో. ఈ కడపటి రెండు పేళ్లును రాత్రిని పట్టుకొని పుట్టినవి. పువ్వు గుణమెరిగి పెట్టిన పేళ్లు అవియే యనవలయును. ఇంగ్లీషువారు ట్యూబరోస్ అందురు. చివర రోస్ అని వినబడుటచే ఇది గులాబి జాతి యని కొందరు భ్రమపడుదురు. ట్యూబరోసా యను లాటిను మాటకు దుంపగలది యని యర్థము. గులాబికి అందులో చోటులేదు. పదమును విరువరానిచోట విరిచి చదివినందున వచ్చిన పొరపాటది.

మన కావ్యములలో ఈ పువ్వును వెదకువారికి నిరాశ తప్పదు. సంపెంగ కలదు. తుమ్మెద సంపెంగపై వ్రాలదను కవిసమయమును ఆధారము చేసికొని నాసికను వర్ణించిన పద్యము వసుచరిత్రమున నున్నది. అది ముక్కు తిమ్మనదని లోకమున వాడుక. ఆ పద్యములోనిది చెట్టుసంపెంగయే గాని నేలసంపెంగ కాదు. ఇంత గట్టిగా చెప్పుటకు కాలమే సాక్ష్యము. శ్రీకృష్ణదేవరాయలు విజయనగరము నేలినది 1509 మొదలు 1529 వరకు. స్పెయినువారు మెక్సికో దేశమున అజ్టెకుల రాజధానిని పట్టుకొన్నది 1521లో. అప్పటికి నేలసంపెంగ సముద్రము దాటలేదు. దాని పుట్టినిల్లు మెక్సికో. అజ్టెకులు దానిని ఓమిషోచిత్ల్ అనిరి. ఎముకపువ్వు అని యర్థము. మైనము పూసినట్లుండు తెల్లని రేకులను చూచి ఆ పేరు పెట్టియుందురు. హంపీలో కవులు పువ్వులను వర్ణించుచున్న దినములలో ఈ పువ్వు భూగోళమునకు ఆవలివైపున వేరు రాజుల తోటలలో పూయుచుండెను. స్పెయినువారి మూలముగా ఐరోపాకు చేరి, అటుపిమ్మట తూర్పుదేశములకు వచ్చినది. నేడు పెండ్లిపందిరిలో దీనిని చూచి అనాదిగా మనదే యనుకొనుట సహజము. మిరపకాయయు ఆ దిక్కునుండి వచ్చి చేరినదే. దానిని వలదన్నవారెవ్వరు?

మరియొక విచిత్రము. ఈ మొక్క నేడు అడవిలో తనంత తాను పెరుగుచు ఎక్కడను కనబడుట లేదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. మనుష్యుడు నాటిననే యున్నది. నాటుట మరచిన, లేదు.

లిన్నేయసు 1753లో దీనికి పోలియాంథిస్ ట్యూబరోసా యని పేరు పెట్టెను. ఆ పేరు రెండున్నర శతాబ్దములు చెల్లినది. 2017లో శాస్త్రజ్ఞులు దీనిని అగేవ్ అను వంశములో చేర్చి అగేవ్ అమికా యని పేరు మార్చిరి. అగేవ్ అనిన క్రొత్తగా తోచవచ్చును గాని, అది మన గట్లపైనను, రైలుకట్టల ప్రక్కలను ముండ్లు దేరిన ఆకులతో నిలుచు కిత్తనార వంశమే. కిత్తనార ఏండ్ల తరబడి వట్టి ఆకులతో నుండి, తుదకొకనాడు స్తంభమువంటి కాడను లేపి పూచును. అంతటితో ఎండిపోవును. దాని మొదట పుట్టిన పిలకలు నిలుచును. నేలసంపెంగ ఎంత సుకుమారముగా కనబడినను ఆ యింటి బిడ్డయే. దీని దుంపయు ఒక్కమారే పూచును. పూచిన దుంప మరల పూయదు. దాని చుట్టు పుట్టిన పిల్లదుంపలు పెరిగి, వాటి వంతు వచ్చినప్పుడు అవి పూచును.

అరటియు అంతే గదా. గెల వేసిన అరటి రెండవ గెల వేయదని పశులకాపరికి కూడ తెలియును. నేలసంపెంగ విషయమున అదే సంగతి చదువుకొన్నవారికిని తెలియకపోవుటకు కారణమొక్కటే. అరటిపిలక కంటికి కనబడును. దుంపపిలక మన్నులో దాగియుండును.

ఈ మందిరపు మడికి వచ్చిన యాపద అదియే. ఆరేండ్ల క్రిందట మందిరము ముందరి స్థలమును చదును చేయించి నలుబది దుంపలు నాటించిరి. వాటి నిచ్చినది బజారువీధిలో పూలు కట్టి అమ్ముకొను ఒక వృద్ధురాలు. ఊరివారందరును ఆమెను మామ్మ యందురు. ఆమెకు చదువు రాదు. మనుమరాలు ఈ పఠనశాలలో కూర్చుండి చదువుకొని పరీక్ష నెగ్గినదను సంతోషమున, వెల పుచ్చుకొనక దుంపలు తెచ్చి యిచ్చినది. మొదటి యేడు మూడు నెలలు దాటిన పిమ్మట కాడలు లేచినవి. రెండవ యేడు అంతకు రెట్టింపు పూచినది. సరస్వతీదేవి పటమునకు దండ, పత్రికల బల్లపై గాజుగ్లాసులో రెండు కాడలు, సభకు వచ్చిన అతిథులకు తలకొక కాడ. మూడవ యేట కాడలు పొట్టివైనవి, మొగ్గలు పలుచబడినవి. నాలుగవ యేట మడి నిండ ఆకే. మొత్తము మీద ఏడు కాడలు వచ్చినవి. తెలియనివారు చూచిన గడ్డి పెంచుచున్నారనుకొందురు.

ఊరిలో కారణములు పలువిధములుగా చెప్పుకొనిరి. నేల చవుడు బారినదని కొందరు, బోరునీరు పడలేదని కొందరు. దిష్టి తగిలినదని గుమ్మడికాయ కట్టినవారును కలరు. ఒకరు యూరియా తెచ్చి పిడికెడు పిడికెడు చల్లిరి. ఆకు మరింత నల్లపచ్చనై పొడుగు సాగినది గాని కాడ రాలేదు. తుదకు కార్యవర్గము, రజతోత్సవము వచ్చులోపల ఆ మడిని తీసివేసి క్రోటను కుండీలు పెట్టవలెనని తీర్మానించినది. ఆ మాట మామ్మ చెవిని పడినది. ఆ సాయంకాలము పూలబుట్టతోనే వచ్చి గ్రంథపాలకుని నిలవేసినది. విన్నవారు చెప్పినంత వరకు ఆ సంభాషణ మిట్లున్నది.

"పీకి పారేస్తారంట గదా బాబూ?"

"ఏం చెయ్యమంటావు మామ్మా? పూత పోయింది. దుంపలు చచ్చిపోయాయి."

"చచ్చిపోయాయని తవ్వి చూశారా?"

"లేదు."

"ఏ పుస్తకం ఎవరింట్లో ఉందో రోజూ చిట్టా తెరిచి చూసుకుంటావు గదా. మన్నులో ఏముందో ఒక్కసారి తెరిచి చూడకుండానే కొట్టేస్తారా?"

గ్రంథపాలకుడు యువకుడు. సిగ్గుపడి గునపము తెప్పించెను.

మొదటి కుదురు తవ్వి పైకి తీయగా మట్టి కన్న దుంపలే ఎక్కువగా నున్నవి. ఒక్క దుంప నాటినచోట ముప్పదికి తక్కువ లేవు. అవి వెల్లుల్లిపాయలవలె ఒకదాని నొకటి ఒరసికొని ముద్దగట్టియున్నవి. నడుమ, పూచి పని తీరిన తల్లిదుంపలు పీచుబారి ఎండిపోయినవి. పైవరుస పిల్లలు మన్నును దాటి వెలికి వచ్చి ఎండకు వాడినవి. వేరు పరచుకొనుటకు దేనికిని చోటు లేదు. ఒక్క కుదురునకు దొరకు తిండిని ముప్పది నోళ్లు పంచుకొనుచుండగా, కాడ లేపగల బలము ఏ దుంపకు వచ్చును? దుంపలు చావలేదు, ఇరుకున పడియున్నవి.

మామ్మ అంతటితో ఊరకొనలేదు. తలయెత్తి కానుగచెట్టును చూపినది. దుంపలు నాటిననాడు ఆ చెట్టు గోడయెత్తు లేదు. నాలుగేండ్లలో కొమ్మలు పరచి, ఉదయపుటెండను మడిపై పడనీయకున్నది. నీడలో నేలసంపెంగకు ఆకు వచ్చును, పువ్వు రాదు. తరువాత ఆమె మరియొక ప్రశ్న వేసినది: నిరుడు పూలయిన పిమ్మట ఆకులేమయినవి? వార్షికోత్సవమునకు ముందు శుభ్రముగా నుండవలెనని ఆకులను నేలమట్టముగా కత్తిరించినట్లు ఒప్పుకొనిరి. అన్నిటికన్న పెద్దతప్పు ఇదియే. పూలయిన తరువాత ఆకుతో పనిలేదని చాలమంది తలంతురు. పని యప్పుడే మొదలు. ఎండను, నీటిని, ఎరువును తీసికొని తిండి వండి క్రిందికి దింపునది ఆకు. దానిని దాచుకొనునది దుంప. ఒక్కమారు తీసి ఖర్చుపెట్టునది పువ్వు. ఆకు జమ, పువ్వు ఖర్చు, దుంప నిల్వ. పచ్చని ఆకును కోసివేసినవాడు జమకట్టుట మాన్పించి, మరుసటి యేడు నిల్వ యేదని అడుగుచున్నాడు.

ఇక పెంపకము. తెలిసినవారు ఓపికతో వినవలయును, తెలియనివారికే ఇది.

నాటుటకు దుంపను ఏరుకొనుటలో సగము పని యున్నది. దుంప అంగుళము లావునకు దగ్గరగా, బరువుగా, నొక్కిన మెత్తబడక యుండవలయును. చిన్నదుంప నాటిన తప్పుకాదు గాని, అది ఆ యేడు తన్ను తాను పెంచుకొనుటతో సరిపెట్టును. త్రవ్విన దుంపను వెంటనే నాటరాదు; నాలుగు మొదలు ఆరు వారములు నీడలో విశ్రాంతి నిచ్చిన పిమ్మట నాటిన మొలక సమముగా వచ్చును. మన ప్రాంతములలో చలి తగ్గిన తరువాత, ఎండలు ముదురకముందు, అనగా ఫిబ్రవరి, మార్చి నెలలలో నాటుట మంచిది. తొలకరిలో నాటువారును కలరు. అప్పుడు నీరు నిలువకుండ గట్టు ఎత్తుచేసి నాటవలయును.

ఎండ రోజంతయు పడు చోటు కావలయును. నేల యేదైనను సరే గాని నీరు నిలువరాదు. నల్లరేగడిలో కొంత ఇసుకయు, బాగుగా చివికిన పశువుల ఎరువును కలిపి, మడిని జానెడు ఎత్తు లేపవలయును. పచ్చిపేడ వేయరాదు. దుంపకును దుంపకును జానెడు ఎడము, వరుసకును వరుసకును అడుగు ఎడము. దుంప కొన పైకి యుండునట్లు పెట్టి, పైన రెండంగుళముల మన్ను కప్పిన చాలును. నాటిన వెంటనే ఒక తడి. మొలక కనబడువరకు తరుచుగా నీరు పోయరాదు. తొందరపడి రోజును కుండెడు నీరు పోయువాడు దుంపను కుళ్లబెట్టుచున్నాడు. ఆకు వచ్చిన తరువాత వేసవిలో అయిదారు రోజుల కొకమారు, నేల ఆరుటను బట్టి తడి పెట్టవచ్చును. వేళ్లు పైపైననే పారును గనుక పార పెట్టి లోతుగా త్రవ్వరాదు. కలుపు చేతితో తీయుట మేలు. 

మూడు, మూడున్నర నెలలకు కాడ లేచును. రెండడుగులు మొదలు మూడడుగుల వరకు పెరుగును. మొగ్గలు జంటలు జంటలుగా క్రిందినుండి పైకి వరుసగా విచ్చును. ఒక కాడ పలుదినములు పూచుచునే యుండును. దండలకైనచో తెల్లవారుజామున పూలను కోయుదురు. గ్లాసులో పెట్టుటకైనచో క్రింది ఒకటి రెండు పూలు విచ్చగనే కాడను మొదట కోయవలయును. మిగిలినవి నీటిలోనే విచ్చును. నీరు రోజును మార్చి, కాడ కొనను కొంచెము కోయుచుండిన వారము వరకు నిలుచును.

ఇక్కడ తావిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. సంపెంగపై తుమ్మెద వ్రాలదనునది కవుల మాట. నేలసంపెంగకు మాత్రము తుమ్మెదతో నిజముగనే అంత పనిలేదు. దాని తెలుపును, పొడుగైన గొట్టమును, చీకటి పడినకొలది హెచ్చు తావియు రాత్రి తిరుగు రెక్కపురుగులను పిలుచుటకు ఏర్పడినవి. కోసిన తరువాతను ఈ పువ్వు కొంతకాలము తావిని పుట్టించుచునే యుండును. గులాబిని కాచి అత్తరు తీయుదురు. దీనిని, మల్లెను కాచిన తావి చెడును. అందుచే ఫ్రాన్సు దేశమున గ్రాస్ అను ఊరివారు గాజుపలకలకు కొవ్వు పూసి, దానిపై పూలను పరచి, వాడినవి తీసి క్రొత్తవి పరచుచు, ఆ కొవ్వులోనికి తావిని దింపుకొనెడివారు. పిదప ఆ కొవ్వునుండి సారాయముతో తావిని విడదీయుదురు. మన దేశమున నువ్వులపై మల్లెలు పరచి, ఆ నువ్వుల నాడించి పూలనూనె తీయుట అదే యుపాయము. ఎవరు ఎవరికి నేర్పిరో గాని, పువ్వు చచ్చుచున్నను ఇచ్చునది ఇచ్చునని ఇరువురును కనిపెట్టిరి. నేడు ద్రావకములతో తావిని తీయుచున్నారు. పనికి ఒంటిరేకుదే కావలయును. దాని తావి ఎక్కువ.

ఒంటిరేకు, ముద్ద అని రెండు జాతులు. ముద్దపువ్వు మొగ్గకొనలు కొంచెము ఎరుపు తిరిగియుండును. చూచుటకు నిండుగా నుండును. గ్లాసులకు, గుత్తులకు అది. దండలకు ఒంటిరేకు. బెంగుళూరు చెంత హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు ఒంటిరేకులో శృంగార్, ప్రజ్వల్ అనువానిని, ముద్దలో సువాసిని, వైభవ్ అనువానిని పుట్టించిరి. లక్నోవారు గామా కిరణములతో ఆకుపై చారలుగల రజతరేఖ, స్వర్ణరేఖ అను రకములను తీసిరి. ఇంటిముందు మడికి ఏ రకమైనను చాలును. దుంపలు కొనువారికి కడియము, కడియపులంక నర్సరీలు దగ్గర.

పురుగు, తెగులు. నేలసంపెంగకు పెద్ద శత్రువు వేరును పట్టు సన్నని నులిపురుగు. ఇది కంటికి కనబడదు. వేళ్లపై ఆవగింజలంత బుడిపెలు లేచి, ఆకు పాలిపోయి, మొక్క గిడసబారును. అట్టి నేలలో మరల దుంప నాటక ఒక పంట బంతి వేయవలయును. బంతివేళ్లు ఈ పురుగును అణచునని పరిశోధనలలో తేలినది. వేపపిండియు మేలు చేయును. శృంగార్ రకము ఈ పురుగునకు కొంత తట్టుకొనును. రెండవది కాడకుళ్లు. ఆకుల మొదట నేలమట్టమున తెల్లని బూజు దారములును, వాటిపై ఆవాలవంటి గుండ్రని గింజలును కనబడును. అట్టి కుదురును మన్నుతో సహా తీసి దూరముగా కాల్చివేయవలయును. పెరటిలోని పెంటలో వేసినచో ఊరంతయు పాకును. కాడకుళ్లు తడి ఎక్కువైన చోట పేట్రేగుట చూచినచో, నీరు పోయు చేతిని అదుపులో పెట్టుకొనుట ఏ మందుకన్నను చవుక.

తక్కిన పని యంతయు త్రవ్వకము. చలికాలము చివర ఆకు పసుపుబారును. అప్పుడు నీరు ఆపివేయవలయును. ఆకు తనంత తాను ఎండువరకు ఓర్చుకొని, పారతో దూరమునుండి కుదురును లేపి, మన్ను దులిపి, దుంపలను విడదీయవలయును. కడుగరాదు. గాలి తగులు నీడలో పలుచగా పరచి, మూడునాలుగు దినముల కొకమారు తిరుగవేయవలయును. లేనియెడల క్రిందివైపు బూజు పట్టును. మడి మొత్తమును ఒక్కయేడే త్రవ్వినచో ఆ యేట పూతకు లోటు వచ్చును. మడిని రెండు సగములు చేసి, ఏడు విడిచి ఏడు ఒక్కొక్క సగమును త్రవ్వుచుండిన పువ్వునకు ఎడతెగుట యుండదు. ఏ కుదురును రెండేండ్లకు మించి ఇరుకున పడదు.

ఆనాడు ఈ మడిలోని నలుబది కుదుళ్లను త్రవ్వి దుంపలను మూడు కుప్పలుగా ఏరిరి. ఉసిరికాయంతవి రెండువందల పైచిలుకు. వక్కంతవి అంతకు రెట్టింపు. శనగగింజ మొదలు రేగిపండు వరకు నున్నవాటిని లెక్కింపలేక మానికతో కొలిచిరి. కానుగకొమ్మలు రెండు కొట్టించి, మడిని గోడనుండి నాలుగడుగులు ముందునకు జరిపి, పెద్దదుంపలలో అరువదింటిని నాటిరి. చిన్నవాటిని వెనుకవైపు నారుమడిలో దగ్గర దగ్గరగా పోసిరి. మిగిలిన వాటిని ఏమి చేయవలయునని తర్జనభర్జనలు పడుచుండగా, మామ్మ మనుమరాలు ఒక యుపాయము చెప్పినది. పుస్తకములు ఇచ్చు చోట దుంపలు ఏల ఇయ్యరాదు? అట్లు గ్రంథాలయములో ఒక క్రొత్త పద్దు మొదలైనది. చందాదారుడు పది దుంపలు తీసికొని సంతకము చేయవలయును. రెండేండ్లకు త్రవ్వినప్పుడు పది తిరిగి ఇయ్యవలయును. మొదట నవ్వినవారున్నారు. మొదటి విడతలో పదునేడుగురు తీసికొనిరి. ఇద్దరి దుంపలు కుళ్లినవి. ఒకరివి పందికొక్కులు తినినవి. తక్కినవారి యిండ్ల ముందు నేలసంపెంగ యున్నదో లేదో రాత్రి వీధిలో నడచువారి నడుగవచ్చును.

మామ్మ నిరుడు కార్తీకమాసమున గతించినది. అంతకు పూర్వపు రెండు పూతలను ఆమె చూచినది. పద్దు పుస్తకము మొదటి పుటలో ఆమె పేరున నలుబది దుంపలు జమకట్టబడియున్నవి. ఆమె తిరిగి పుచ్చుకొన్నవి లేవు గనుక ఎదుటి గడి ఖాళీగా నున్నది.

ఈ సంవత్సరము తూర్పు సగమును త్రవ్విరి. దుంపలు వెనుక వసారాలో చాపలపై ఆరుచున్నవి. వచ్చు ఆదివారమునకు నాలుగు వారములు నిండును. కావలసినవారు ఆ దినమున ఉదయము ఎనిమిది గంటలకు వచ్చి తీసికొనవచ్చును. గతమున తీసికొని గడువు దాటినవారు మొదట పాతవి చెల్లింపవలయునని గ్రంథపాలకుడు చెప్పుమనినాడు. గుడ్డసంచి తెచ్చుకొనుడు. ప్లాస్టిక్కు సంచిలో మూటగట్టినచో ఇల్లు చేరులోపల దుంపకు చెమట పట్టును.